టోక్యోలో చీజు, ఓట్స్, వెన్న: విదేశీ సరుకులు ఎక్కడ, ఎలా కొనుక్కోవాలి?

టోక్యోకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు పప్పూబియ్యాల గురించి పెద్దగా టెన్షన్ ఉండదు. నిషికసాయిలో దిగినా, షిన్-ఓకుబోలో దిగినా కందిపప్పు మొదలుకొని ఇంగువ దాకా అన్నీ దొరుకుతాయి. చిక్కు వచ్చేది ఇంకోచోట. పొద్దున్నే ఓట్స్ తినే అలవాటు, పీనట్ బటర్ లేనిదే బ్రెడ్డు ముట్టని పిల్లలు, ఆదివారం ఇంట్లోనే పిజ్జానో కేకో చేసుకునే సరదా. అమెరికాలో కొన్నేళ్లుండి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన కుటుంబాలకైతే ఈ జాబితా ఇంకా పొడుగు.

ఎవర్ని అడిగినా ముందు చెప్పే పేరు నేషనల్ అజబు, హిరో అనే పేటలో ఉన్న విదేశీ సరుకుల సూపర్‌మార్కెట్. అక్కడ దాదాపు అన్నీ దొరికే మాట నిజమే. కానీ అక్కడి నుంచే మొదలుపెడితే నెలాఖరుకు జేబు తడుముకోవాల్సిందే. నేను చెప్పే పద్ధతి దానికి తిరగేసి ఉంటుంది. మీ వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో మొదలుపెట్టండి, అక్కడ లేనిదానికి మాత్రమే ఒక మెట్టు పైకి వెళ్లండి. హిరో దాకా వెళ్లాల్సిన సరుకులు చివరికి నాలుగైదు మిగిలితే గొప్ప. ఇందులో చెప్పిన ధరలు 2025 ప్రాంతపు అంచనాలు. యెన్ విలువ 2022 నుంచి బాగా పడిపోయింది కాబట్టి దిగుమతి సరుకు ధర ఎప్పుడైనా మారిపోతుంది.

1. ముందు జాబితాను మూడు ముక్కలు చేయండి

కాగితం మీద మీకు కావాల్సినవన్నీ రాయండి. తర్వాత ఒక్కోదాని పక్కన ఒక గుర్తు పెట్టండి. కంపెనీ ఏదైనా సరే, సరుకు ఉంటే చాలు అనుకునేవి ఒక ముక్క: పాస్తా, టమాటా డబ్బా, ఆలివ్ నూనె, ఓట్స్, వెన్న, మైదా, వంటసోడా. రకం ముఖ్యం గానీ కంపెనీతో పట్టింపు లేనివి రెండోది: చక్కెర లేని పీనట్ బటర్, టోర్టియాలు అనే మెక్సికన్ రొట్టెలు, గట్టి చీజు, మేపుల్ సిరప్. ఫలానా కంపెనీ ఫలానా డబ్బాయే కావాలి అనేవి మూడోది. ఖర్చంతా ఈ మూడో ముక్కలోనే ఉంటుంది. దాన్ని ఎంత కుదిస్తే అంత మిగులు.

ఇంకో పని కూడా ఈ దశలోనే చేయాలి. కతకానా నేర్చుకోండి. జపనీస్ భాషంతా కాదు, ఆ ఒక్క లిపి చాలు. మూలాక్షరాలు 46. మన అక్షరమాల నేర్చినవాళ్లకు పది రోజుల పని. విదేశీ సరుకుల పేర్లు దాదాపుగా ఆ లిపిలోనే ఉంటాయి. మనం బస్సు, కప్పు అని చివర ఉకారం చేర్చినట్టే వాళ్లూ చేరుస్తారు కాబట్టి పైకి చదివితే చాలు, అర్థం తట్టేస్తుంది: చీజు, బటా, ఓటోమీరు, పీనట్సు. ఫోను కెమెరా అనువాదం మీదే ఆధారపడితే ఒక్కో అర దగ్గర ఐదేసి నిమిషాలు నిలబడాలి.

2. మామూలు సూపర్‌మార్కెట్‌ను పూర్తిగా జల్లెడ పట్టండి

లైఫ్, సమ్మిట్, మరుఎత్సు, ఇతో-యోకాడో, ఇయాన్, ఓకే... మీ ఇంటి దగ్గర వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇటలీ టమాటా డబ్బాలు, పాస్తా, ఆలివ్ నూనె ఇక్కడే చవక. వీటి కోసం ప్రత్యేకమైన దుకాణానికి వెళ్లడం దండగ. ఓట్స్ సంగతీ అంతే. 2020 తర్వాత జపాన్‌లో ఓట్స్ మోజు పెరిగింది, ఇప్పుడు మందుల దుకాణాల్లో కూడా పెడుతున్నారు. ఉప్మాకు పనికొచ్చే రోల్డ్ ఓట్స్, నీళ్లు పోస్తే కరిగిపోయే ఇన్‌స్టంట్ ఓట్స్ రెండూ ఉంటాయి. గింజను ముక్కలుగా తరిగిన స్టీల్ కట్ రకం మాత్రం ఆన్‌లైన్‌లోనే వెతకాలి.

పిండి దగ్గర అసలు తికమక. ప్యాకెట్లన్నీ తెల్లగా ఒకేలా కనిపిస్తాయి. హకురికికో అంటే జిగురు తక్కువున్న పిండి, కేకులకు, బిస్కెట్లకు పనికొస్తుంది. క్యోరికికో అంటే జిగురు ఎక్కువున్నది, బ్రెడ్డుకు, పిజ్జాకు అదే తీసుకోవాలి. అమెరికా వంటల్లో వచ్చే ఆల్ పర్పస్ పిండి కావాలంటే రెండూ సగం సగం కలిపితే సరిపోతుంది, మధ్య రకంగా చురికికో అని ఒకటి కూడా ఉంది. జెన్‌ర్యూఫున్ అంటే పొట్టు తీయని గోధుమపిండి. అది బ్రెడ్డుకు బాగుంటుంది గానీ చిన్న ప్యాకెట్లలో ఖరీదుగా అమ్ముతారు. చపాతీల కోసమైతే భారతీయ దుకాణంలో ఆటా సంచి తెచ్చుకోవడమే లాభం.

చక్కెర కూడా చూసి తీసుకోవాలి. ఎక్కడ చూసినా కనిపించే జోహకుతో కాస్త తడిగా, ముద్దకట్టినట్టు ఉంటుంది. టీలోకి బాగానే ఉంటుంది. కేకుకు, గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి చేసే మెరింగుకు పొడిపొడిగా ఉండే గురాన్యూతో కావాలి. అమెరికా బ్రౌన్ షుగర్‌కు బదులు సాన్‌ఒన్‌తో వాడుకోవచ్చు. నల్లగా ఉండే కురొజాతో మన బెల్లానికి చుట్టం, దాని రుచి కేకులో వేరుగా తెలిసిపోతుంది.

వంటసోడా పేరు జూసో. ఇక్కడ ఒక జాగ్రత్త. వంద యెన్‌ల దుకాణాల్లోనూ, శుభ్రం చేసే సామాన్ల అరల్లోనూ పెద్ద సంచుల్లో చవగ్గా కనిపించే జూసో సింకులు తోమడానికి. సంచి మీద షొకుయో, అంటే తినడానికి పనికొచ్చేది, అని రాసి ఉంటేనే పిండిలో వేయండి. అది చిన్న ప్యాకెట్‌గా పిండి, చక్కెర అరల పక్కన ఉంటుంది.

వెన్న 200 గ్రాముల డబ్బాల్లో వస్తుంది, 500 యెన్‌ల అటూఇటూ. ఏ మాటా లేకపోతే అది ఉప్పు వేసిన వెన్న. ఉప్పు లేనిది కావాలంటే షొకుయెన్ ఫుషియో అన్న మాట కోసం చూడండి. పక్కనే మార్గరీన్ డబ్బాలు అదే రంగుల్లో, అదే బొమ్మలతో ఉంటాయి, అక్కడ తొందరపడకూడదు. వెన్న ఇంత ఖరీదు ఎందుకంటే దాని దిగుమతి ప్రధానంగా ఏలిక్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా జరుగుతుంది, స్థానిక వెన్నలో ఎక్కువ భాగం హొక్కాయిదో దీవి పాల నుంచే రావాలి. 2014లో వెన్న కరవొచ్చి చాలా దుకాణాలు మనిషికి ఒక్క డబ్బా అని బోర్డు పెట్టాయి. నెయ్యి ఇంట్లోనే కాచుకునేవాళ్లు ఉప్పు లేని వెన్న కాచుకోవడం ఒక దారి, భారతీయ దుకాణంలో నెయ్యి సీసా కొనుక్కోవడం ఇంకోటి. రెండింటి ధరా పోల్చి చూడండి.

క్రీము డబ్బాల మీద నామా క్రీము అని ఉండి, 35 గానీ 47 గానీ అంకె వేసి ఉంటే అది పాల మీగడతో చేసినది, ఆ అంకె కొవ్వు శాతం. పక్కనే సగం ధరకు ఉండే హోయిప్పు డబ్బాల్లో సాధారణంగా ఉండేది మొక్కల నూనెల కొవ్వు. కేకు మీద పూతకు అదీ నిలబడుతుంది గానీ పాస్తాలో పోస్తే విరిగినట్టవుతుంది.

పీనట్ బటర్ అనుకుని పీనట్ క్రీము తెచ్చుకునే ప్రమాదం ఉంది. జపాన్‌వాళ్లు బ్రెడ్డు మీద రాసుకునేది తియ్యటి క్రీము. అసలు సరుకు కావాలంటే ఇక పై మెట్టుకు వెళ్లాలి.

3. కాల్దీ, గ్యోము, యమాయా

కాల్దీ కాఫీ ఫార్మ్ పేరుకు కాఫీ కొట్టు. లోపలికి వెళ్తే ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒరగాల్సినంత ఇరుకు సందులు, పైకప్పు దాకా సరుకు. రైల్వే స్టేషన్ల దగ్గర, మాల్స్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది, జపాన్ అంతటా కొన్ని వందల కొట్లు ఉన్నాయి. స్కిప్పీ పీనట్ బటర్, టోర్టియాలు, సల్సా, మేపుల్ సిరప్, హమ్మస్, శనగల డబ్బాలు, షార్ట్‌బ్రెడ్, రకరకాల చీజు. రెండో ముక్కలో రాసుకున్నవాటిలో ఎక్కువ భాగం ఇక్కడ తీరిపోతుంది. ఒక్కటే లోపం, నిలకడ ఉండదు. ఈ నెల ఉన్న సరుకు వచ్చే నెల ఉండకపోవచ్చు. నచ్చినది, పాడవనిది కనబడితే రెండు తీసుకోవడం మంచిది.

గ్యోము సూపర్ బోర్డులో వ్యాపారులకు అన్న అర్థం ఉన్నా ఎవరైనా కొనుక్కోవచ్చు, సభ్యత్వం అక్కర్లేదు. కోబె బుస్సాన్ అనే సంస్థ 2000లో హ్యోగో రాష్ట్రంలోని మికిలో మొదటి కొట్టు తెరిచింది, ఇప్పుడు వెయ్యికి పైగా ఉన్నాయి. వీళ్లు నేరుగా విదేశాల నుంచి తెప్పిస్తారు, మధ్యవర్తులు తక్కువ, అందుకే ధర తక్కువ. ఫ్రీజర్ వరసల్లో బెల్జియం ఆలూ ఫ్రైలు, వాఫుల్స్, బెర్రీలు, పాలకూర ఉంటాయి. పాస్తా, చీజు తురుము పెద్ద సంచుల్లో దొరుకుతాయి. నలుగురున్న ఇంటికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. ఒక్కరే ఉంటే కిలో సంచి చీజు అయ్యేలోపు బూజు పడుతుంది. తెచ్చిన రోజే చిన్న సంచుల్లోకి మార్చి ఫ్రీజర్‌లో పెట్టండి.

యమాయా మద్యం దుకాణం. మద్యం తాగనివాళ్లు అటు చూడరు గానీ ఆ సీసాల వెనక విదేశీ తినుబండారాల అరలుంటాయి, కొన్ని కాల్దీ కంటే చవక. కేకులు, బ్రెడ్డు చేసేవాళ్లకు తొమిజావా అని ప్రత్యేకమైన కొట్టుంది. 1919 నుంచి ఉన్న సంస్థ. వనిల్లా, ఈస్టు, కోకో, రకరకాల పిండి చిన్న మోతాదుల్లో అమ్ముతుంది. ఇయాన్ వాళ్లు 2016లో ఫ్రాన్స్ నుంచి తెచ్చిన పికార్ కొట్లలో అన్నీ ఫ్రీజర్ సరుకే. ముడి క్రోసాంట్లు తెచ్చి పొద్దున్నే అవెన్‌లో పెడితే ఇల్లంతా వెన్న వాసన. ఐకియాలో స్వీడన్ తిండి అర ఉంటుంది, హైదరాబాద్ ఐకియా చూసినవాళ్లకు అది కొత్త కాదు. జాములు, బిస్కెట్లు, శాకాహార బాల్స్ అక్కడ తీసుకోవచ్చు.

4. వెనకవైపు తెల్ల కాగితం చదవడం నేర్చుకోండి

విదేశీ సీసాను వెనక్కి తిప్పితే జపనీస్‌లో ముద్రించిన తెల్ల స్టిక్కరు కనిపిస్తుంది. దిగుమతిదారు అతికించింది. చాలాసార్లు అది సరిగ్గా ఇంగ్లీషు పదార్థాల జాబితా మీదే పడుతుంది. అంచున గోటితో మెల్లగా లేపితే కింద సగం వాక్యం కనబడి ఆగిపోతుంది. కొట్టులో పీకకండి, ఇంటికి తెచ్చాక చేసుకునే పని అది. కొట్టులో అక్కరకొచ్చేది ఆ స్టిక్కరే.

అందులో చూడాల్సినవి కొన్నే. గెన్‌జైర్యోమెయ్ అంటే పదార్థాలు, ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. గెన్‌సాన్‌కోకు అంటే తయారైన దేశం. యున్యూషా అంటే దిగుమతిదారు. షోమి కిగెన్ అంటే ఈ తేదీ దాకా రుచి బాగుంటుందని, దాటినా వెంటనే పాడవదు. షోహి కిగెన్ అంటే ఆ తేదీ దాటితే తినకూడదని. తేదీ రాసే వరస మీద కన్నేయండి. జపాన్‌లో సంవత్సరం, నెల, రోజు. యూరప్ డబ్బా మీద రోజు, నెల, సంవత్సరం. అమెరికా డబ్బా మీద నెల ముందు. 05.06 అని ఉంటే అది మే నెలో జూన్ నెలో పక్కనున్న స్టిక్కరు చూసి తేల్చుకోవాలి.

శాకాహారుల పని ఇక్కడ కాస్త కష్టం. జపాన్‌లో మన పచ్చచుక్క లాంటి గుర్తు తప్పనిసరి కాదు. ఎలర్జీ కోసం తప్పక రాయాల్సినవి 2025 నాటికి ఎనిమిది: గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత, సోబా (బక్‌వీట్ గింజ), వేరుశనగ, వాల్‌నట్. వాల్‌నట్ 2023లో చేరింది. గుడ్డు తిననివాళ్లకు ఈ నియమం పెద్ద సాయం. కానీ గొడ్డుమాంసం, పంది, కోడి, జెలటిన్ రాయడం సిఫారసు మాత్రమే, తప్పనిసరి జాబితాలో లేవు. అందుకని పదార్థాల వరస మొత్తం చదవాలి. నికు అంటే మాంసం. గ్యూ, బుతా, తోరి వరసగా గొడ్డు, పంది, కోడి. గ్యూన్యూ అంటే మాత్రం ఆవుపాలు, ఆ గ్యూ చూసి కంగారుపడొద్దు. ఎకిసు అన్న మాట ముందు ఇవి ఉంటే ఆ మాంసం సారం కలిపారని. జెరాచిన్ అంటే జెలటిన్, మార్ష్‌మెలోల్లో, కొన్ని పెరుగుల్లో కూడా ఉంటుంది. రాడో అంటే పంది కొవ్వు, కొన్ని బ్రెడ్లలో వేస్తారు. సూపు పొడుల్లో కొన్సొమే అన్నది సాధారణంగా మాంసం సారమే.

నిజానికి శాకాహారులు దిగుమతి సరుకు వెతకడానికి మంచి కారణం ఇదే. బ్రిటన్ నుంచి వచ్చిన చాలా ప్యాకెట్ల మీద శాకాహారులకు తగినది అని స్పష్టంగా ఉంటుంది. చెడ్డార్ చీజులో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడారా లేదా అన్నది అలా తెలుస్తుంది. పార్మిజానో రెజ్జానో అని పేరున్న చీజులో మాత్రం దూడ రెన్నెట్టే వాడాలని ఇటలీ నియమం, అందులో శాకాహార రకం ఉండదు. సైతామా రాష్ట్రం హిదకాలో ఉన్న అలీషాన్ అనే సంస్థ శాకాహార, ఆర్గానిక్ సరుకే దిగుమతి చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. టోక్యోలోని అంబికా కొట్లు కూడా శాకాహార సరుకుకే పరిమితం. లేబుల్ చదివి చదివి విసిగినవాళ్లకు ఈ రెండూ ఊరట.

5. ఆ తర్వాతే సెయ్‌జో ఇషీ, హిరో, అజబు

సెయ్‌జో ఇషీ అనే సూపర్‌మార్కెట్ 1927లో పండ్లు, డబ్బా సరుకులు, మిఠాయిలు అమ్మే కొట్టుగా మొదలైంది. ఇప్పుడు టోక్యోలో చాలా పెద్ద స్టేషన్లలో కనిపిస్తుంది. చీజు విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ముక్కలు చిన్నవిగా కోసి పెడతారు, కొత్త రకం ప్రయత్నించడానికి వెయ్యి యెన్‌లు పెట్టక్కర్లేదు. రాత్రి మూసేవేళకు కొన్ని కొట్లలో ధర తగ్గించిన స్టిక్కర్లు వేస్తారు. హన్‌గాకు అని ఉంటే సగం ధర.

జపాన్, ఐరోపా సమాఖ్య మధ్య ఒప్పందం 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. గౌడా, చెడ్డార్ లాంటి గట్టి చీజుల మీద అంతకుముందు 29.8 శాతం సుంకం ఉండేది, అది ఏటా కొంచెం చొప్పున తగ్గుతోంది. ఆ లాభాన్ని యెన్ పతనం మింగేసింది కాబట్టి ధర చీటీ మీద తేడా తెలియదు. అయినా ఐరోపా చీజును, మిగతా దేశాల చీజును పక్కపక్కన పెట్టి వంద గ్రాముల ధర చూసుకోండి.

ఒమోతెసాందో దగ్గరి కినోకునియా పాత పేరున్న సూపర్‌మార్కెట్, 1953లోనే సెల్ఫ్ సర్వీసు పద్ధతి తెచ్చింది. బాగుంటుంది, ఖరీదు. ఇక హిబియా లైనులో హిరో స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే నేషనల్ అజబు. చుట్టూ రాయబార కార్యాలయాలుండటం వల్ల 1962 నుంచీ విదేశీయుల కోసమే నడుస్తున్న కొట్టు. అమెరికా సిరియల్స్, బేకింగ్ మిక్సులు, కేన్‌లో గుమ్మడి గుజ్జు, విదేశీ పిల్లల తిండి ఉంటాయి. అజబు-జూబాన్ వైపు నిస్సిన్ వరల్డ్ డెలికటెసెన్ ఉంది, మాంసాహారులకు అది మేలు, అక్కడి ఫ్రీజర్లలో టర్కీ కోడి కూడా ఉంటుంది. ఈ రెండింటికీ మూడో ముక్క జాబితా చేతిలో పట్టుకుని వెళ్లండి. ఊరికే చూద్దామని వెళ్తే బుట్ట నిండిపోతుంది.

ఒసాకా, కోబె వైపు ఉండేవాళ్లకు ఇకారి అనే సూపర్‌మార్కెట్ ఈ అవసరం తీరుస్తుంది. కాల్దీ, గ్యోము అక్కడా ఉన్నాయి.

6. కాస్ట్‌కో లెక్క

కాస్ట్‌కో పెద్ద మోతాదుల్లో సభ్యులకు మాత్రమే అమ్మే అమెరికా కొట్టు. ఏడాది సభ్యత్వం 5 వేల యెన్‌ల పైచిలుకు. అమెరికాలో తీసుకున్న కార్డు ఉంటే ఇక్కడా చెల్లుతుంది, మళ్లీ కట్టకండి. సభ్యుడి వెంట ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లవచ్చు కాబట్టి స్నేహితుల దగ్గర కార్డుంటే ముందు వాళ్లతో వెళ్లి చూసి రండి. లోపల నగదు, లేదా మాస్టర్‌కార్డ్. వీసా క్రెడిట్ కార్డు పట్టుకుని బండి నిండా సరుకుతో కౌంటర్ దగ్గర నిలబడితే ఇబ్బంది.

నిషికసాయి నుంచైతే తోజాయి లైనులో నిషి-ఫునబాషి దాకా వెళ్లి, అక్కడ ముసాషినో లైను ఎక్కి షిన్-మిసాతోలో దిగండి. కాస్ట్‌కో, ఐకియా రెండూ అక్కడే. చక్రాల సంచి, చల్లదనం నిలిపే సంచి తప్పనిసరి. కారులేని నాలుగు కుటుంబాలు కలిసి ఒక కారు అద్దెకు తీసుకుని వెళ్లడం మనవాళ్లలో మామూలే. ఒకటికొని నాలుగు వాటాలు వేసుకుంటే కాస్ట్‌కో నిజంగా చవక.

వాటాలు వేయలేనివాళ్లు ఇంటికెళ్లి ఫ్రిజ్ కొలుచుకోవాలి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఫ్రీజర్ అర ఎంతుంటుందో తెలిసిందే. మోజరెల్లా, ఉప్పులేని వెన్న, బాదం, మేపుల్ సిరప్, ఓట్స్ కాస్ట్‌కోలో లాభం. మఫిన్లు, సలాడ్లు ఇద్దరికి నష్టం. అక్కడి పిజ్జా సుమారు 40 సెంటీమీటర్లు, మన బల్ల మీద ఉండే అవెన్ రేంజ్‌లో, అంటే మైక్రోవేవ్, అవెన్ కలిసిన పెట్టెలో, పట్టదు. నాలుగు ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టి ఒక్కోటి కాల్చుకోవాలి. సభ్యత్వం నచ్చకపోతే కట్టిన డబ్బు తిరిగి ఇస్తారు. కొన్నిచోట్ల కాస్ట్‌కో సరుకు విడిగా అమ్మే చిన్న కొట్లు కూడా వెలిశాయి. ధర కొంచెం ఎక్కువైనా ఒక్కటే తీసుకోవచ్చు.

7. ఆన్‌లైన్, పోస్టు, సూట్‌కేసు

అమెజాన్ జపాన్, రకుతెన్‌లలో వెతికేటప్పుడు ఇంగ్లీషులో కాకుండా కతకానాలో టైపు చేయండి, ఫలితాలు ఎక్కువ వస్తాయి. ఐహెర్బ్ విదేశాల నుంచి పంపుతుంది. గింజల వెన్నలు, ప్రొటీన్ పొడి, స్టీల్ కట్ ఓట్స్, గ్లూటెన్ లేని పిండికి బాగుంటుంది. సుంకం లెక్కించే విలువ 10,000 యెన్‌లు దాటకపోతే మామూలుగా సుంకం, వినియోగ పన్ను పడవు. పెద్ద ఆర్డరును రెండు విడతలు చేసుకోవడం మేలు. ఆరోగ్యం పేరుతో ఏదో ఒకటి బుట్టలో వేసుకోవడం మాత్రం ఐహెర్బ్‌లో అందరికీ ఉన్న జబ్బే.

మాంసాహారులు నగోయాలోని ద మీట్ గై చూడవచ్చు, ఫ్రీజర్ సరుకు ఇంటికే పంపుతుంది. చల్లని సరుకు కూల్ తక్యూబిన్ అనే చల్లటి కొరియర్‌లో వస్తుంది. దాన్ని అపార్ట్‌మెంట్ కింద ఉండే పార్సెల్ బాక్సులో పెట్టరు, మనిషి చేతికే ఇస్తారు. అందుకని మీరు ఇంట్లో ఉండే వేళనే, రాత్రి 7 నుంచి 9 లాంటిది, ఎంచుకోండి.

ఇక ఊరి నుంచి, లేదా అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చుకునేవి. మాంసం ఏ రూపంలోనూ వద్దు. సాసేజీ, బేకన్, జెర్కీ మాత్రమే కాదు, అమ్మ ప్రేమగా కట్టి ఇచ్చిన చికెన్ పచ్చడి, గోంగూర మటన్ పచ్చడి కూడా అందులోకే వస్తాయి. తనిఖీ ధ్రువపత్రం లేకుండా మాంసం తెస్తే 2019 ఏప్రిల్ నుంచి కఠినంగా చర్య తీసుకుంటున్నారు. చట్టంలో మూడేళ్ల దాకా జైలు, లేదా 30 లక్షల యెన్‌ల దాకా జరిమానా ఉంది. ఆవకాయ, మాగాయ మామూలుగా రావచ్చు. మన దేశం నుంచి పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు సూట్‌కేసులో తేనివ్వరు. మిగతా పచ్చి పళ్లు, కూరలకు ఎగుమతి దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, లేకపోతే విమానాశ్రయంలోనే వదిలేయాలి. చీజు, వెన్న లాంటి పాల పదార్థాలు సొంత వాడకానికి, ప్రయాణికుడి వెంట, 10 కిలోల లోపు తెస్తే ఆ తనిఖీ పత్రం అడగరు. అదే పోస్టులో పంపితే లెక్క వేరు.

8. వంటింట్లో కొలతలు సరిచేసుకోండి

సరుకు దొరికినా వంట తేడా వస్తే తప్పు సరుకుది కాకపోవచ్చు. అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, జపాన్ కొలత కప్పు 200, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. అమెరికా వంటల్లో ఒక స్టిక్ వెన్న అంటే 113 గ్రాములు, ఇక్కడి డబ్బాలో సగం కంటే కొంచెం ఎక్కువ. చిన్న తూకం యంత్రం ఒకటి కొనుక్కుని గ్రాముల్లోకి వచ్చేస్తే ఈ గొడవ ఉండదు. అవెన్ రేంజ్ చిన్నది, చెప్పిన వేడి అందడానికి సమయం పడుతుంది, ముందుగా వేడి చేయడం మానొద్దు.

9. కాలం చూసి కొనండి

దిగుమతి సరుకుకు ఇక్కడ పండగల క్యాలెండర్ ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో గుమ్మడి డబ్బాలు, క్రాన్‌బెర్రీ సాస్ వస్తాయి, అవి అయిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. నవంబరు మధ్య నుంచి కాల్దీ, సెయ్‌జో ఇషీ అరల్లో ఇటలీ పానెత్తోనె, జర్మనీ స్టోలెన్ అనే క్రిస్మస్ కేకులు పేరుస్తారు. టర్కీ కోడి కావాలనుకుంటే పండగ వారంలో కాకుండా నవంబరు మొదట్లోనే అడిగి పెట్టుకోండి.

క్రిస్మస్ అయిన మర్నాటి నుంచి అవే పానెత్తోనెలు, చాక్లెట్లు ధర తగ్గుతాయి. పానెత్తోనెకు తేదీ ఎలాగూ ఇంకొంత కాలం ఉంటుంది. ఒకటి తెచ్చుకుంటే సంక్రాంతి అరిసెలు ఊరి నుంచి అందేదాకా టీలోకి సరిపోతుంది.